ప్రోటోటైప్‌లో దేనికి డబ్బు చెల్లించాలి? ఒక కాంట్రాక్ట్ సాఫ్ట్‌వేర్ కేస్ స్టడీ

ప్రోటోటైప్‌లు, అంటే ప్రయోగానికి కట్టే నమూనాలు, చేసి చూపిస్తూ, దఫదఫాలుగా మెరుగుపరుస్తూ సాఫ్ట్‌వేర్ కట్టే పద్ధతి సొంత టీమ్‌లో ఒకలా, కాంట్రాక్టు కింద ఇంకోలా నడుస్తుంది. సొంత టీమ్‌లో "ఇది పనికిరాలేదు, వేరేలా చేద్దాం" అంటే ఒక మధ్యాహ్నం మీటింగ్‌తో సరిపోతుంది. కాంట్రాక్టులో అదే మాటకు ఒక ధర ఉంటుంది, దాన్ని ఎవరు భరించాలన్న తగాదా ఉంటుంది. ఈ కేసు ఆ తగాదా ఎక్కడ పుట్టింది, ఎలా తీరింది అన్నదాని గురించి. రెండు పక్షాలనూ గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాం. అంకెలను నిష్పత్తులు చెడకుండా సర్దాం.

నేపథ్యం

క్లయింట్ పెద్ద యంత్రాలకు మరమ్మతు, నిర్వహణ సేవలందించే సంస్థ. ఫీల్డులో సుమారు 300 మంది టెక్నీషియన్లు, వాళ్లకు పనులు పంచే డిస్పాచ్ డెస్కులో 14 మంది. ఫిర్యాదు నమోదైన దగ్గర్నుంచి బిల్లు పడేదాకా అంతా ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడవాలన్నది వాళ్ల కోరిక. పాత బిల్లింగ్ సిస్టమ్ మాత్రం అలాగే ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ రోజూ రాత్రి దానికి ఒక ఫైలు పంపాలి.

కాంట్రాక్టు గంపగుత్త ధరకు, గడువు 9 నెలలు. చెల్లింపులు ఇలా రాసుకున్నారు: రిక్వైర్‌మెంట్స్ పత్రం (సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో రాసిన పత్రం) మీద సంతకానికి 20 శాతం, ప్రోటోటైప్ ఆమోదానికి 20, డెవలప్‌మెంట్ పూర్తయ్యాక 30, తుది అంగీకారానికి 25, వారంటీ ముగిశాక 5. పని చేసే పద్ధతి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: ప్రోటోటైప్‌ల ఆధారంగా, దఫాలవారీగా అభివృద్ధి జరుగుతుందని. ఎన్ని దఫాలు, ఇక చాలు అని చెప్పే అధికారం ఎవరిది, ప్రోటోటైప్ కోసం రాసిన కోడ్ చివరికి ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకూ కాంట్రాక్టులో జవాబు లేదు.

చెల్లింపుల పట్టికను ఇంకోసారి చూడండి. ప్రోటోటైప్‌కు 20 శాతం, అదీ "ఆమోదం" పొందితేనే. దాంతో వెండర్ (సాఫ్ట్‌వేర్ కట్టే కంపెనీ) ఆ ప్రోటోటైప్‌ను ఆమోదం పొందడానికే తయారుచేస్తాడు, లోపాలు బయటపెట్టడానికి కాదు. ఇందులో దురుద్దేశమేమీ లేదు. డబ్బు ఏ పనికి కట్టారో శ్రమ కూడా అటే పోతుంది.

ఎదురైన సమస్య

ఏడో వారంలో చూపించిన ప్రోటోటైప్ అందరికీ నచ్చింది. రంగులు, మెనూలు, మ్యాపు మీద కదిలే టెక్నీషియన్లు, అన్నీ ఉన్నాయి. డెమోకు వచ్చింది విభాగాధిపతులు. రోజంతా ఫోన్లు ఎత్తే డిస్పాచర్లు ఒక్కరూ లేరు. ఆమోదం వచ్చింది, మొత్తం ధరలో 40 శాతం చేతులు మారింది.

ఆరో నెలకు పరిస్థితి ఇది. డిస్పాచర్ల చేతికి సాఫ్ట్‌వేర్ వెళ్లాక 212 వ్యాఖ్యలు వచ్చాయి. వాటిలో 140 దాకా కొత్త కోరికలని వెండర్ వాదన. అవన్నీ మొదటి నుంచీ అనుకున్నవే, ప్రోటోటైప్‌లో సరిగా అర్థం చేసుకోలేదని క్లయింట్ వాదన. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రిక్వైర్‌మెంట్స్ పత్రంలో "డిస్పాచర్ పనిని తగిన టెక్నీషియన్‌కు కేటాయించగలగాలి" అని ఉంది. "తగిన" అన్న ఒక్క మాట కింద ముప్పైకి పైగా వ్యాఖ్యలు వచ్చి చేరాయి.

రెండో సమస్య కోడ్‌లో ఉంది. డెమో కోసం హడావిడిగా రాసిన కోడే అసలు సాఫ్ట్‌వేర్‌గా పెరిగింది. పనుల జాబితా స్క్రీను మొత్తం రికార్డులను బ్రౌజర్‌లోకి దించుకుని అక్కడ వడకట్టేది. 600 నమూనా రికార్డులతో అది రెప్పపాటులో తెరుచుకుంది. అసలు టేబుల్‌లో 4 లక్షలకు పైగా వర్క్ ఆర్డర్లు ఉన్నాయి. ఇంతకంటే ప్రమాదకరమైనది సేవ్ చేసే పద్ధతి. ఒకే పనిని ఇద్దరు డిస్పాచర్లు తెరిచి మార్చితే, రెండో వ్యక్తి సేవ్ మొదటి వ్యక్తి మార్పును చప్పుడు లేకుండా చెరిపేసేది. రికార్డుకు వెర్షన్ నంబరు లేదు, సేవ్ చేసేముందు దాన్ని సరిచూసే తనిఖీ లేదు. డెమోలో ఎప్పుడూ ఒక్కరే కూర్చుంటారు కాబట్టి ఈ లోపం అక్కడ కనబడే అవకాశమే లేదు.

మూడోది: ఫోన్ సిగ్నల్ లేని చోట్ల టెక్నీషియన్ ఏం చేయాలన్నది ఎవరూ ప్రయత్నించి చూడలేదు. నాలుగోది చెల్లింపులు. "డెవలప్‌మెంట్ పూర్తి" అనేది ఎవరూ ధ్రువీకరించలేని స్థితి కాబట్టి 30 శాతం ఆగిపోయింది. వెండర్ ఇద్దరు సీనియర్ డెవలపర్లను వేరే ప్రాజెక్టుకు తరలించాడు.

మొదటి ప్రయత్నం: మార్పులకు కళ్లెం

క్లయింట్ ప్రాజెక్టు మేనేజరుకు తట్టిన మొదటి మందు అందరికీ తట్టేదే. ప్రతి వ్యాఖ్యకూ మార్పు అభ్యర్థన ఫారం, దాని ప్రభావం మీద వెండర్ అంచనా, వారానికోసారి కమిటీ.

అనుకున్నది బాగానే ఉంది. కొత్త కోరిక ఏది, దిద్దుబాటు ఏది అన్నది తేలిపోతే డబ్బు లెక్క కూడా తేలుతుంది. కానీ ఒక్కో అంచనాకు ఒక సీనియర్ డెవలపర్ అర రోజు నుంచి రెండు రోజులు కూర్చోవాల్సి వచ్చింది. అసలు పని చేయాల్సిన మనుషులు, చేయాలో వద్దో తేలని పనుల అంచనాలు రాస్తూ ఉండిపోయారు. నెల తిరిగేసరికి వ్యాఖ్యలు తగ్గాయి. అందరూ సంతోషించారు. ఆ తగ్గుదలకు కారణం వేరు: ప్రతి ఫారం ఖర్చు తెచ్చిపెడుతుందన్న భయంతో మేనేజరు స్థాయిలోనే డిస్పాచర్ల మాటలను ఆపేస్తున్నారు. ఆపినవన్నీ యాక్సెప్టెన్స్ టెస్టింగ్‌లో, అంటే క్లయింట్ అంగీకరించే ముందు చేసే పరీక్షలో, ఒక్కసారిగా బయటపడ్డాయి. ఈసారి "మార్పు"గా కాదు, "లోపం"గా.

ఈ మందు ఎందుకు పనిచేయలేదంటే, మార్పుల నియంత్రణకు ముందు స్థిరమైన బేస్‌లైన్, అంటే మార్పును దేనితో పోల్చి చూడాలో ఆ ఆధారం, ఒకటి ఉండాలి. ఇక్కడ సంతకం ఉన్నది రిక్వైర్‌మెంట్స్ పత్రం మీద, మనసులో ఉన్నది ప్రోటోటైప్. రెండూ ఒకదానికొకటి సరిపోవు. ప్రోటోటైప్ చూశాక పత్రాన్ని తిరగరాయలేదు. కాబట్టి "మార్పు" అంటే దేని నుంచి మార్పు అన్నదానికి జవాబు లేకుండానే కమిటీ రెండు నెలలు నడిచింది.

రెండో ప్రయత్నం: గంటల లెక్క

ఈసారి ఊగిసలాట రెండో కొసకు పోయింది. కాంట్రాక్టుకు సవరణ రాసి, మిగిలిన పనిని పనిచేసిన గంటలకు డబ్బు చెల్లించే పద్ధతికి మార్చారు. రెండు వారాల ఇటరేషన్లు (పని దఫాలు), ప్రతిదాని చివరా డెమో, వ్యాఖ్యలకు పరిమితి లేదు, ఫారాలు లేవు.

సంబంధాలు వెంటనే బాగుపడ్డాయి. ఆ మేరకు దీన్ని వైఫల్యం అనలేం. డిస్పాచర్లు డెమోలకు రావడం అప్పుడే మొదలైంది. అయితే నాలుగు ఇటరేషన్లు గడిచాక చేసిన పనుల జాబితా తీస్తే విషయం బయటపడింది. స్క్రీన్లు మూడుసార్లు మారాయి, కాలమ్‌ల వరుస మారింది, రిపోర్టులకు రంగులొచ్చాయి. ఆఫ్‌లైన్ సింక్‌ను, అంటే సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌లో చేసిన పనిని తర్వాత సర్వర్‌తో కలిపే ఏర్పాటును, ఎవరూ ముట్టుకోలేదు. బిల్లింగ్ ఫైలుకు ఒక్క ప్రయోగం కూడా జరగలేదు.

దీనికి ఎవరి బద్ధకమూ కారణం కాదు. డెమోలో చూపించగలిగేదే ముందుకొస్తుంది. సింక్ మీద రెండు వారాలు పనిచేస్తే చూపించడానికి ఖాళీ స్క్రీను, ఒక లాగ్ ఫైలు మిగులుతాయి. గంటల లెక్కన డబ్బులొస్తున్నప్పుడు తేలిక పనులు చేసినా, కష్టమైన పనులు చేసినా వెండర్‌కు ఒకటే. క్లయింట్‌కు కళ్లముందు కదలిక కనిపిస్తోంది. అడగాల్సిన ప్రశ్న చివరికి ఫైనాన్స్ విభాగం నుంచి వచ్చింది: ఇది ఎప్పటికి ముగుస్తుంది, ముగిసిందని ఎలా తెలుస్తుంది? జవాబు ఎవరి దగ్గరా లేదు. ఎనిమిదో వారంలో ఆపేశారు.

పనిచేసిన ఏర్పాటు

మూడోసారి కూర్చున్నప్పుడు మొదట ధర గురించి మాట్లాడలేదు. మనకు ఇంకా తెలియనివి ఏవి అన్న జాబితా రాశారు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ నిపుణుడు బారీ బోయెమ్ 1988లో స్పైరల్ మోడల్ అనే అభివృద్ధి పద్ధతిని వివరించినప్పుడు చెప్పింది ఇదే: తర్వాతి అడుగు ఏమిటో పత్రాల వరుస కాదు, మిగిలి ఉన్న రిస్కు నిర్ణయించాలి. 36 అంశాలు తేలాయి. వాటిలో "తప్పయితే మొత్తం డిజైన్ మారిపోతుంది" అనదగ్గవి నాలుగు. మిగతా 32 కట్టేటప్పుడు సర్దుకోగలిగినవే.

దాన్నిబట్టి పనిని రెండు దశలుగా, రెండు వేర్వేరు చెల్లింపు సూత్రాలతో విడగొట్టారు. మిగిలి ఉన్న డబ్బులో 15 శాతం ప్రోటోటైప్ దశకు, 80 శాతం నిర్మాణ దశకు, 5 శాతం వారంటీకి.

*ప్రోటోటైప్ దశ.* గరిష్ఠంగా నాలుగు ఇటరేషన్లు, ఒక్కోటి రెండు వారాలు, ఖర్చుకు పైపరిమితి. ప్రతి ఇటరేషన్ ఒక రాతపూర్వక ప్రశ్నతో మొదలవ్వాలి, ఒక రాతపూర్వక జవాబుతో ముగియాలి. డబ్బు జవాబుకు. "ఇది కుదరదు" అన్నది కూడా పూర్తి చెల్లింపుకు అర్హమైన జవాబే.

క్లయింట్ లాయర్లు అన్నిటికంటే గట్టిగా ఎదిరించింది ఈ చివరి వాక్యాన్నే. పనిచేయని దానికి డబ్బెందుకు అని. పాత పట్టికలోని 20 శాతమే వాళ్లకు జవాబు అయింది: ఆమోదానికి డబ్బు కడితే ఆమోదం వచ్చింది, నిజం ఆరో నెలలో వచ్చింది. పనికిరాదన్న సంగతి రెండు వారాల ఖర్చుతో తెలియడం, నిర్మాణం అయ్యాక తెలియడం కంటే ఎప్పుడూ చవకే.

జవాబు రూపాన్ని కూడా ఖరారు చేశారు. రెండు పేజీల నోటు: ప్రశ్న, ఎలా పరీక్షించాం, ఏ డేటాతో, ఏం తేలింది, దానివల్ల ఏ రిక్వైర్‌మెంట్ ఎలా మారుతుంది, ఆ రిక్వైర్‌మెంట్‌కు అంగీకార ప్రమాణం ఏమిటి. చివరి రెండూ లేకపోతే నోటు అసంపూర్తి. ప్రోటోటైప్‌కు, పత్రానికి మధ్య తెగిపోయిన లంకె ఇక్కడ మళ్లీ కలిసింది.

నాలుగు ప్రశ్నలు, వాటికి దొరికిన జవాబులు:

మొదటిది, సాఫ్ట్‌వేర్ తనంతట తాను టెక్నీషియన్‌ను ఎంచగలదా? దీనికి స్క్రీనే కట్టలేదు. గడిచిన వారంలోని ఒక రోజు పనులన్నీ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, ప్రతిపాదిత నియమాలు ఎవరిని ఎంచేవో లెక్కగట్టి, ఆ రోజు డిస్పాచర్ నిజంగా ఎవరిని పంపారో పక్కన పెట్టారు. సగానికి పైగా సరిపోలలేదు. ఎందుకని అడిగితే ఒక నోటుపుస్తకం బయటకొచ్చింది. ఏ సైటులోకి ఏ టెక్నీషియన్‌కు ప్రవేశ అనుమతి ఉంది, అది ఎప్పటితో ముగుస్తుంది అన్నది అందులోనే ఉంది. ఏ సిస్టమ్‌లోనూ లేదు, రిక్వైర్‌మెంట్స్ పత్రంలోనూ లేదు. ఆటోమేటిక్ కేటాయింపును అక్కడితో వదిలేశారు. దాని బదులు అనుమతుల రిజిస్టరు, డిస్పాచర్‌కు మూడు పేర్లు సూచించే జాబితా వచ్చాయి. అసలు కాంట్రాక్టులో అతి పెద్ద మాడ్యూల్‌గా అంచనా వేసిన పని ఒక స్ప్రెడ్‌షీట్‌తో చిన్నదైపోయింది.

రెండోది, ఒక షిఫ్టంతా, అంటే 8 గంటలు, సిగ్నల్ లేకుండా పనిచేసిన ఫోన్ తిరిగి కనెక్ట్ అయినప్పుడు ఏం జరుగుతుంది? అందం చందం లేని ఒక యాప్, మూడే బటన్లు: మొదలుపెట్టాను, విడిభాగం వాడాను, ముగించాను. పరీక్షలో తేలింది ఏమిటంటే, ఫోన్‌లోని రికార్డును సర్వర్ రికార్డు మీద రాస్తే, ఈలోగా డిస్పాచర్ చేసిన మార్పు పోతుంది. అందుకని రికార్డును దిద్దే పద్ధతి మానేసి, ఒక్కో చర్యనూ విడి సంఘటనగా చేర్చే పద్ధతికి మారారు. పని స్థితిని ఆ సంఘటనల వరుస నుంచి లెక్కగడతారు. ఫోన్ గడియారాన్ని నమ్మకూడదన్నది అదనంగా తెలిసిన సంగతి. కొన్ని ఫోన్లలో సమయం నిమిషాల తేడాతో ఉంది. కాబట్టి ఫోన్ సమయంతోపాటు ప్రతి ఫోన్‌కూ వరుస సంఖ్య కూడా పంపాల్సి వచ్చింది.

మూడోది, పాత బిల్లింగ్ సిస్టమ్ పాక్షికంగా పూర్తయిన పనులను తీసుకుంటుందా? తీసుకోదు. ముగింపు కోడ్ లేని వరుస ఒక్కటి ఉన్నా ఫైలు మొత్తాన్ని తిప్పి పంపింది. మూడు రాత్రుల ఫైళ్లతో ఈ సంగతి ఖాయమైంది.

నాలుగోది, 14 మంది ఒకేసారి వాడితే పూర్తి డేటాతో జాబితా 2 సెకన్లలో తెరుచుకుంటుందా? పేర్లు, ఫోన్ నంబర్లు మార్చేసిన అసలు డేటా నకలు మీద లోడ్ టెస్టు. సర్వర్‌లోనే వడకట్టి, పేజీకి 50 వరుసలు పంపి, స్థితి-తేదీల మీద ఇండెక్స్ (వెతుకులాటను వేగం చేసే సూచిక) పెడితే సరిపోయింది. నాలుగింటిలో తేలిగ్గా తేలింది ఇదే. ఇన్నాళ్లు కష్టపెట్టింది కూడా ఇదే.

ఒక నియమం గురించి విడిగా చెప్పాలి. ఖర్చు పరిమితి అయిపోయినా జవాబు దొరకని ప్రశ్న ఉంటే దాన్ని పొడిగించరు. ఆ అంశాన్ని స్కోప్ (ఒప్పుకున్న పని పరిధి) నుంచి తీసేయాలి, లేదా రిస్కుకు విడిగా ధర కట్టి నిర్మాణంలోకి తీసుకోవాలి. ఈ కేసులో ఆ అవసరం రాలేదు. కానీ ఆ నియమం ఉండబట్టే మూడో ప్రశ్న మీద మొదటి రోజునే ఫైలు పంపారు.

పారేయాల్సిన కోడ్‌ను నిజంగా పారేయడం

ప్రోటోటైప్‌లో రెండు రకాలున్నాయి: తెలుసుకుని పారేసేది, పెంచి అసలుగా మార్చేది. రెండూ సరైనవే, ఏది ఏదో ముందే చెప్పినంతకాలం. సాఫ్ట్‌వేర్ నిపుణుడు విన్‌స్టన్ రాయిస్ 1970 నాటి పత్రంలో కొత్త రకం సాఫ్ట్‌వేర్‌ను రెండుసార్లు కట్టమన్నాడు, కస్టమర్‌కు ఇచ్చేది రెండోది కావాలని. జనానికి ఆ పత్రంలోని, పని దశ తర్వాత దశగా సాగే మెట్ల బొమ్మ గుర్తుండిపోయింది, ఈ సలహా మరుగున పడింది.

అయితే "ఇది పారేస్తాం" అని రాసుకోవడం వేరు, గడువు దగ్గరపడ్డప్పుడు పారేయడం వేరు. అందుకని పారేయకుండా ఉండలేని ఏర్పాట్లు చేశారు. ప్రోటోటైప్‌లకు వేరే రిపాజిటరీ (కోడ్ భద్రపరిచే చోటు), నిజంగా వాడే ప్రొడక్షన్ సర్వర్‌కు అక్కడి నుంచి కోడ్‌ను చేర్చే దారి లేదు. అసలు సాఫ్ట్‌వేర్‌కు వాడే ప్రోగ్రామింగ్ భాషలో ప్రోటోటైప్ రాయకూడదు. స్క్రీన్లు నలుపు-తెలుపు, గీతలు చేత్తో గీసినట్టు. ఈ చివరిది అలంకారం కాదు. నున్నగా ఉన్న స్క్రీను చూస్తే జనం రంగు గురించి మాట్లాడతారు, కరుకుగా ఉంటే పని గురించి మాట్లాడతారు. పైగా పూర్తయిందన్న భ్రమ ఎవరికీ కలగదు. నాలుగో ప్రశ్నలోని ఇండెక్స్ స్క్రిప్టులు మాత్రం "ఉంచేవి"గా ముందే గుర్తించారు. వాటికి కోడ్ రివ్యూ, టెస్టులు తప్పనిసరి చేశారు.

నిర్మాణ దశ నియమాలు

మూడు వారాలకొకటి చొప్పున ఆరు విడతలు, ప్రతి విడతకూ స్థిరమైన ధర. విడత మొదలయ్యేలోపు అంశాల జాబితా, ఒక్కోదానికి అంగీకార ప్రమాణం ఖరారవ్వాలి. తప్పనిసరి అంశాలు విడత శ్రమలో 60 శాతం దాటకూడదు. డీఎస్‌డీఎం అనే దఫాలవారీ అభివృద్ధి పద్ధతిలోని ఈ హద్దు ఇక్కడ బాగా పనికొచ్చింది. గడువు కదలదు కాబట్టి అంచనా తప్పినప్పుడు వదలడానికి ఏదో ఒకటి ఉండాలి. అన్నీ తప్పనిసరి అయితే గడువు స్థిరమన్నది ఉత్తమాట.

మార్పులకు ఫారాల బదులు మార్పిడి పద్ధతి. ఇంకా మొదలుకాని ఒక అంశాన్ని తీసేసి, అంతే పరిమాణమున్న కొత్త అంశాన్ని ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు. విడత మొదలవడానికి 3 పనిదినాల ముందు చెప్పాలి. పరిమాణం మీద గొడవ రాకుండా అప్పటికే చేసిన మూడు పనులను కొలబద్దలుగా తీసుకున్నారు: చిన్నది 2, మధ్యస్థం 5, పెద్దది 8 మనిషి-రోజులు. కొత్తది వీటిలో దేనికి దగ్గరగా ఉందన్నదే చర్చ. ఒక్కో అంశానికి పావుగంట మించకూడదని కూడా రాసుకున్నారు. 8 కంటే పెద్దదైతే విడగొట్టాలి.

అంగీకారం: విడత అందిన 5 పనిదినాల్లో క్లయింట్ పరీక్షించాలి. ఈ పరీక్ష తర్వాతి విడత మొదటి వారంలో జరుగుతుంది, డెవలపర్లు ఆగరు. తీవ్రత తగ్గే వరుసలో లోపాలు నాలుగు తరగతులు. మొదటి రెండు తరగతుల లోపం ఉంటే చెల్లింపు ఆగుతుంది, మిగతావి జాబితాలో చేరతాయి. క్లయింట్ ఏమీ చెప్పకపోతే ఒక రిమైండర్, ఆ తర్వాత 3 పనిదినాలకు అంగీకరించినట్టే. మౌనం అంగీకారమవడం లాయర్లకు నచ్చలేదు. చివరికి దాన్ని చెల్లింపు వరకే పరిమితం చేశారు. నాణ్యత మీద, వారంటీ మీద హక్కులు అలాగే ఉంటాయి. అందరికీ సమ్మతమైన ఈ విభజన పాత కాంట్రాక్టులోనే ఉంటే సగం గొడవ తగ్గేది.

విడత అంగీకారం మీద దాని ధరలో 85 శాతం. మిగిలిన 15 శాతం ఫిర్యాదు నుంచి బిల్లు దాకా మొత్తం దారి పరీక్షలో నెగ్గాక. విడివిడిగా అన్నీ నెగ్గి, కలిపితే నడవని సాఫ్ట్‌వేర్ అరుదేమీ కాదు. ఆ 15 శాతం లేకపోతే అతుకుల బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది. ప్రతి విడతతోనూ సోర్స్ కోడ్, బిల్డ్ స్క్రిప్టులు, ఆటోమేటెడ్ టెస్టులు అప్పగించాలి. పాత విడతల టెస్టులన్నీ నెగ్గకపోతే కొత్త విడతను పరీక్షకే తీసుకోరు.

ఏ విడత చివరైనా క్లయింట్ కారణం చెప్పకుండా ఆపేయవచ్చు. అంగీకరించిన విడతల డబ్బు, టీమ్ తరలింపునకు 10 రోజుల ఖర్చు ఇస్తే చాలు. ఈ హక్కును ఎవరూ వాడలేదు. కానీ దాని ప్రభావం మాటల్లో కనిపించింది. బయటికి దారి ఉందని తెలిశాక క్లయింట్ ప్రతి చిన్న లోపాన్నీ సాక్ష్యంగా దాచుకోవడం మానేశాడు.

మనుషుల విషయం. క్లయింట్ తరఫున ఒకే నిర్ణేత, రాతపూర్వక అధికారంతో. ఆయన లేనప్పుడు ఒక ప్రత్యామ్నాయం. ప్రశ్నకు 2 పనిదినాల్లో జవాబు రావాలి, ఆలస్యమైనన్ని రోజులు గడువు జరుగుతుంది. ఇద్దరు డిస్పాచర్లు, ముగ్గురు టెక్నీషియన్లు వారానికి ఒక పూట ప్రాజెక్టుకు. ఆ పూట వాళ్ల షిఫ్టులో వేరేవాళ్లను క్లయింట్ తన ఖర్చుతో పెట్టాలి. ఈ చివరి షరతు రాయకపోతే "యూజర్లు పాల్గొంటారు" అన్న వాక్యానికి విలువ లేదు. డ్యూటీ మధ్యలో డెమోకు పిలిస్తే తలూపి వెళ్లిపోతారు.

అప్పటికీ ఎక్కడ బెడిసింది

మూడో విడత అంగీకారంలో ఓడిపోయింది. రెండో సేవ్ మొదటిదాన్ని చెరిపే పాత లోపం వేరే స్క్రీనులో మళ్లీ కనిపించింది. ఇద్దరు ఒకేసారి తెరిచే పరీక్షను కేటాయింపు స్క్రీనుకే రాశారు, విడిభాగాల స్క్రీనుకు రాయలేదు. విడతను పొడిగించలేదు. ఆ అంశం నాలుగో విడతలోకి తప్పనిసరిగా చేరింది, దాని శ్రమను వెండర్ భరించాడు, ఆ మేరకు నాలుగో విడత నుంచి ఒక ఐచ్ఛిక అంశం తప్పుకుంది. మూడో విడత చెల్లింపు మూడు వారాలు ఆలస్యమైంది. వెండర్‌కు నొప్పి తెలిసింది, ప్రాజెక్టు ఆగలేదు. నియమాలు ఉండాల్సింది ఈ మోతాదులోనే అని నా ఉద్దేశం.

మార్పిడి పద్ధతికీ ఒక చీకటి కోణం బయటపడింది. పాత డేటాను కొత్త సిస్టమ్‌లోకి తెచ్చే పని ఎవరికీ ఇష్టం లేనిది. ప్రతి విడతలోనూ అది మార్పిడికి బలై వెనక్కి జరుగుతూ చివరి విడతకు చేరింది. దాంతో ఆరో విడత మొత్తం దానికే పోయి, ముందు వెనక్కి నెట్టిన 9 రిపోర్టులు కాంట్రాక్టు నుంచి తప్పుకున్నాయి. డేటా తరలింపు, యాక్సెస్ అనుమతులు, బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చే పరీక్ష లాంటివాటిని మార్పిడికి వీల్లేనివిగా మొదటే గుర్తుపెట్టాలి.

ఇంకొకటి నెమ్మదిగా అర్థమైంది. పాల్గొన్న ఇద్దరు డిస్పాచర్లు నాలుగో విడతకు దాదాపు డిజైనర్లయిపోయారు. వాళ్లకు తేలికైనది మిగతా 12 మందికి తేలిక కాదు. అప్పుడు కొత్తగా ఇద్దరిని కూర్చోబెడితే తొలి గంటలోనే ముగింపు కోడ్ ఎక్కడ ఎంచుకోవాలో దొరకలేదు. ఆ కోడ్ లేకపోతే రాత్రి బిల్లింగ్ ఫైలు మొత్తం తిరిగొస్తుందన్నది గుర్తుంది కదా. విడత మధ్యలోనే ఆ స్క్రీనును మార్చారు, మార్పిడి నియమాన్ని నిర్ణేత ఆ ఒక్కసారికి పక్కనపెట్టి.

మొత్తం పని మొదటి గడువుకు దాదాపు రెట్టింపు సమయంలో ముగిసింది. అందులో మూడో ఏర్పాటు కింద నడిచిన భాగం ఏడు నెలల లోపే.

ఇలాంటి కాంట్రాక్టు రాసేవాళ్లకు

ఈ ఏర్పాటును ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకోమని చెప్పను. రెండు, మూడు నెలల చిన్న పనికి రెండు దశలు భారం. అక్కడ ఒకే ఇటరేషన్‌ను ప్రశ్నకు కేటాయించి, దాని చివర ఇద్దరికీ విరమించుకునే హక్కు పెడితే చాలు. సమస్య బాగా తెలిసినదైతే, ఉదాహరణకు ఇదే రకం సాఫ్ట్‌వేర్ మూడోసారి కడుతుంటే, ప్రోటోటైప్ దశ వృథా. విడతల నియమాలు మాత్రం అక్కడా పనికొస్తాయి.

బేరంలో మొదట వదులుకోకూడనిది నిర్ణేతకు రాతపూర్వక అధికారం. ధర సూత్రం ఎంత చక్కగా ఉన్నా, ఆయన ప్రతి మార్పిడికీ పైవాళ్లను అడగాల్సి వస్తే మూడు వారాల విడత కాగితం మీదే మిగులుతుంది. వెండర్ వైపు కూర్చున్నవాళ్లు పట్టుబట్టాల్సింది మాస్క్ చేసిన (పేర్లు, ఫోన్ నంబర్లు మార్చేసిన) పూర్తి డేటా. దాన్ని ఇచ్చే తేదీ కాంట్రాక్టులో ఉండాలి, ఆలస్యమైతే గడువు జరగాలి. ఇక్కడ ఆ నకలు సిద్ధం చేయడానికి క్లయింట్ ఐటీ విభాగానికి అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సమయం పట్టింది. అందుకే లోడ్ టెస్టు ప్రశ్న నాలుగో స్థానానికి జరిగింది.

వారంటీ గురించి ఒక మాట రాసుకోవాల్సింది మిగిలిపోయింది. విడతలవారీగా అంగీకరించిన సాఫ్ట్‌వేర్‌కు వారంటీ ఏ తేదీ నుంచి మొదలవుతుంది? మొదటి విడత వాడుకలోకి వచ్చి నాలుగు నెలలైనా, ఆరోది ఇంకా కొత్తదే. ఈ కాంట్రాక్టు దాని మీద మౌనంగా ఉండటంతో తర్వాత సవరణ రాయాల్సి వచ్చింది: మొత్తం దారి పరీక్ష నెగ్గిన రోజు నుంచి అన్ని విడతలకూ ఒకే వారంటీ. అంతకుముందు వాడుకలో బయటపడిన మొదటి రెండు తరగతుల లోపాలను తర్వాతి విడతలో, ధర లేకుండా సరిచేయాలి.